ప్రోసడీ చాట్ సర్వర్: పద్నాలుగు నెలలు లాగ్ చదివాక

మా డయాగ్నస్టిక్ సెంటర్‌కి హనుమకొండలో మెయిన్ ల్యాబ్ ఉంది. పరకాలలో ఒకటి, నర్సంపేటలో ఒకటి కలెక్షన్ సెంటర్లు. అందరం కలిపి ముప్పై ఎనిమిది మందిమి. కంప్యూటర్లు, ప్రింటర్లు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, సీసీ కెమెరాలు అన్నీ నేనే చూసుకుంటాను. మొన్నమొన్నటిదాకా ల్యాబ్ మాటలన్నీ ఒక వాట్సాప్ గ్రూపులో నడిచేవి. శాంపిల్ గడ్డకట్టింది మళ్లీ తీయండి, ఫలానా ఆయనకి క్రియాటినిన్ ఎక్కువొచ్చింది డాక్టర్‌గారికి వెంటనే చెప్పండి, ఇట్లాంటివి.

ఒకరోజు, మానేసి వెళ్లిన టెక్నీషియన్ ఒకతను రావాల్సిన జీతం గురించి మాట్లాడటానికి వచ్చాడు. ఏదో రసీదు చూపిస్తానని ఫోన్ తీసి గ్యాలరీ తెరిచాడు. వాళ్ల పాప పుట్టినరోజు ఫోటోల మధ్యలో మా రిపోర్టులు. పేర్లు, వయసులు, ఒకదాని మీద హెచ్ఐవీ రియాక్టివ్ అని. అతను కావాలని దాచుకున్నవి కావు. గ్రూపులో వచ్చిన ఫోటోలు వాటంతట అవే గ్యాలరీలో చేరాయి. అవి అక్కడ ఉన్నాయని అతనికీ తెలియదు. నా ముందే అన్నీ తీసేశాడు. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. హెచ్ఐవీ ఉన్నవాళ్ల సంగతి వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017లో చేసిన చట్టమే ఉంది. అలాంటి రికార్డులు ఉంచుకునే సంస్థ వాటికి తగిన రక్షణ ఏర్పాట్లు చేసుకోవాలని కూడా అందులో ఉంది. చట్టం సంగతి అలా ఉంచండి, ఆ పేరున్న మనిషి మా వీధి చివర రోజూ కనిపిస్తాడు.

వాట్సాప్ మానేసి మా చాట్ సర్వర్ మేమే పెట్టుకుందామని మేడమ్‌ని అడిగాను. నెలకి ఎంతవుతుందని అడిగారు, సరే అన్నారు.

ముందు మ్యాట్రిక్స్ వాళ్ల సినాప్స్ అనే చాట్ సర్వర్ పెట్టి చూశాను. బాగానే ఉంది, కానీ మేం అద్దెకి తీసుకున్న ఒక జీబీ మెమరీ మెషిన్ మీద ఊపిరాడలేదు. ఈజాబర్డీ కూడా చూశాను. గట్టి సర్వరే, ఎర్లాంగ్‌లో రాసింది. దాని ఎర్రర్లు చదివి అర్థం చేసుకోవడం నాకు చేతకాలేదు. మూడోది ప్రోసడీ. 2008లో మాథ్యూ వైల్డ్ మొదలుపెట్టిన చాట్ సర్వర్, ఎక్స్‌ఎంపీపీ అనే అందరికీ తెరిచిన చాట్ పద్ధతి మీద నడుస్తుంది, లువా భాషలో రాశారు, ఉచితం. జిట్సీ మీట్‌లో వీడియో మీటింగులు పెట్టుకున్నవాళ్లు తెలియకుండానే దీన్ని వాడారు, దాని లోపల చాట్, సిగ్నల్ మెసేజ్‌లు మోసేది ప్రోసడీయే. మా ముప్పై ఎనిమిది మందీ ఆన్‌లైన్‌లో ఉన్నా అది తినే మెమరీ వంద ఎంబీ దాటడం నేనింకా చూడలేదు.

డెబియన్ 12 లినక్స్‌లో ఒక్క ఆప్ట్ ఇన్‌స్టాల్ కమాండ్‌తో వచ్చేస్తుంది. అసలు పని ఆ తర్వాత, సెట్టింగులన్నీ రాసే ఒక్క కాన్ఫిగ్ ఫైలులో. దాని గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే దీన్ని పెట్టుకుని వదిలేసినవాళ్లు ఎక్కువమంది ఇక్కడే చిక్కుకుంటారు.

ఆ ఫైలులో వర్చువల్ హోస్ట్ అనే లైను ఒక గట్టు లాంటిది. దానికి పైన రాసినవి మొత్తం సర్వర్‌కి వర్తిస్తాయి. దాని కింద రాసినవి, మళ్లీ ఇంకో హోస్ట్ లైను వచ్చేదాకా, ఆ ఒక్క డొమైన్‌కే. నేను మొదటిరోజు లాగ్ (సర్వర్ తనలో జరిగేవి రాసిపెట్టే చిట్టా) సెట్టింగు ఫైలు చివర రాశాను, ఏ ఫైలుకైనా చివర కలపడం అలవాటు కదా. సర్వర్ ఏ గొడవా లేకుండా లేచింది, నా సెట్టింగు మాత్రం పట్టించుకోలేదు. గంటన్నర తర్వాత, ప్రోసడీతోనే వచ్చే ప్రోసడీ సీటీఎల్ అనే పనిముట్టుతో చెక్ కాన్ఫిగ్ అని కొట్టి చూస్తే, ఇది గ్లోబల్ భాగంలో ఉండాల్సింది, హోస్ట్ కింద ఉంది అని పేరు పెట్టి చెప్పింది. అప్పటినుంచి ఫైలులో ఒక్క కామా మార్చినా ముందు ఆ చెక్ కొట్టాకే రీలోడ్ చేస్తాను. కాన్ఫిగ్ ఒకటే కాదు, అదే చెక్ డీఎన్ఎస్‌నీ (డొమైన్ పేరుకి సర్వర్ ఎక్కడుందో చెప్పే పట్టిక) సర్టిఫికెట్లనీ (ఇది అసలు సర్వరేనని రుజువు చేసే పత్రాలు) కూడా చూసిపెడుతుంది. ఈ ఒక్క కమాండ్ కోసమే నేను ప్రోసడీని వేరేవాళ్లకి చెప్తాను.

కనెక్షన్లు రెండు రకాలు. ఒక్కోదానికి పోర్టు అనే నంబరున్న ద్వారం ఉంటుంది. ఫోన్ నుంచి సర్వర్‌కి వచ్చేది సి2ఎస్, పోర్టు 5222. మన సర్వర్ నుంచి బయటి సర్వర్లకి వెళ్లేది ఎస్2ఎస్, పోర్టు 5269. ఈమెయిల్ లాగానే ఈ పద్ధతిలో ఏ సర్వర్ మీద ఉన్నవాళ్లయినా ఇంకో సర్వర్ వాళ్లతో మాట్లాడుకోవచ్చు. మంచి సంగతే, కానీ మా ల్యాబ్‌కి బయటివాళ్లతో పనిలేదు. డిసేబుల్ చేయాల్సిన మాడ్యూళ్ల జాబితాలో ఎస్2ఎస్ అని ఒక్క మాట రాస్తే ఆ పోర్టు అసలు తెరుచుకోదు. బయటినుంచి కొత్తవాళ్లు అకౌంటు తెరుచుకునే దారి మూసే ఉంచాను. ఎవరైనా చేరితే నేనే ఇన్విటేషన్ లింకు పంపుతాను.

ఎన్‌క్రిప్షన్ లేని కనెక్షన్‌ని లోపలికి రానివ్వకూడదన్నది ఇంకో సెట్టింగు. 2022 మార్చిలో వచ్చిన 0.12 నుంచి అది మనం చెప్పకపోయినా ఆన్‌లోనే ఉంటుంది. అయినా నేను చేత్తో రాసి పెట్టాను. రేపు నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్లకి ఫైలు చూడగానే కనపడాలి. పాస్‌వర్డులు ఉన్నవి ఉన్నట్టు దాచకుండా హ్యాష్ చేసి, అంటే వెనక్కి తిప్పలేని గుర్తుగా మార్చి, దాచే పద్ధతి ఎంచుకున్నాను.

పోర్టుల దగ్గర నాకు తగిలిన అసలు చిక్కు హాస్పిటల్ వైఫై. మా అమ్మాయిలు ఇద్దరు పొద్దున్నే ఒక ప్రైవేటు హాస్పిటల్‌కి వెళ్లి వార్డుల్లో శాంపిళ్లు తీసుకొస్తారు. ఆ భవనంలో సెల్ సిగ్నల్ ఉండదు, వైఫైలో 443 తప్ప మిగతా పోర్టులన్నీ మూసేశారు. దీనికి దారి ఉంది. మొదటినుంచే టీఎల్ఎస్ అనే ఎన్‌క్రిప్షన్‌తో మొదలయ్యే కనెక్షన్ల కోసం 5223 తెరిచాను. ప్రోసడీ రూట్‌గా (మెషిన్ మీద అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా) కాకుండా తన సొంత యూజర్‌తో నడుస్తుంది కాబట్టి 1024 కంటే కింది పోర్టు నేరుగా పట్టుకోలేదు. అందుకని ఫైర్‌వాల్‌లోనే 443కి వచ్చినదాన్ని 5223కి మళ్లించాను. డీఎన్ఎస్‌లో ఎస్ఆర్‌వీ రికార్డు ఒకటి కలిపి, నేరుగా టీఎల్ఎస్ కావాలంటే 443కి రండి అని చెప్పాను. మేం వాడే కాన్వర్సేషన్స్ యాప్ ఆ రికార్డు చూసుకుని తనే అటు వెళ్తుంది. మాటలు వెళ్తున్నాయి. ఫోటోలు మాత్రం ఆ భవనంలో వెళ్లవు, ఎందుకంటే ఫైళ్లు ఎక్కించేది వేరే పోర్టులో, 5281లో. రెండింటినీ ఒకే 443 మీద నడిపించవచ్చు, దానికి ఇంకొంత ఏర్పాటు చేయాలి. నేను చేయలేదు. రిపోర్టు ఫోటో చాట్‌లో పెట్టకూడదు, రిపోర్టు నంబరు మాత్రమే రాయాలి అన్నది ఇప్పుడు మా నియమం కాబట్టి ఆ లోటు మాకు పెద్దగా తెలియలేదు.

ఇక సర్టిఫికెట్. ఇది నా పొరపాటు, వివరంగానే చెప్తాను.

ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ మాకు ఇచ్చిన సర్టిఫికెట్ తొంభై రోజులది. దాన్ని సెర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్ తనే రెన్యూ చేస్తుంది. కానీ సర్టిఫికెట్‌కి జతగా ఉండే రహస్య ఫైలు, ప్రైవేటు కీ, రూట్‌కి తప్ప ఎవరికీ కనపడదు, ప్రోసడీ యూజర్ దాన్ని చదవలేడు. అందుకే ప్రోసడీ సీటీఎల్‌లో సెర్ట్ ఇంపోర్ట్ అని ఒక కమాండ్ ఉంది. అది కీని తన ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని, చదివే హక్కు సరిచేసి, సర్వర్‌కి చెప్తుంది. మొదటిరోజు అది చేశాను. రెన్యూ అయిన ప్రతిసారీ అది మళ్లీ నడవాలి, దానికి సెర్ట్‌బాట్‌లో డిప్లాయ్ హుక్ (రెన్యూ కాగానే తనంతట తనే నడిచే కమాండ్) పెట్టాలి. అది పెట్టలేదు. సెర్ట్‌బాట్ తన పని తాను చేసింది, కొత్త సర్టిఫికెట్ వచ్చి తన ఫోల్డర్‌లో కూర్చుంది. ప్రోసడీ పాతదే చూపిస్తూ పోయింది.

తొంభై ఒకటో రోజు పొద్దున ఆరూ నలభైకి పరకాల నుంచి ఫోన్. "అక్కా, చాట్ రావట్లేదు. ఏదో సర్టిఫికెట్ ఒప్పుకుంటావా అని అడుగుతుంది. ఒప్పుకోనా?"

"ఏం నొక్కకు రా. అట్లనే ఉంచు, నేను చూస్తున్న."

ల్యాప్‌టాప్ తెరిచి లాగ్ చూశాను. మామూలుగా ఒక ఫోన్ వచ్చినప్పుడు అందులో మూడు లైన్లు పడతాయి. క్లయింట్ కనెక్టెడ్, స్ట్రీమ్ ఎన్‌క్రిప్టెడ్ అని టీఎల్ఎస్ వెర్షన్‌తో సహా, ఆ తర్వాత ఫలానావాళ్లుగా అథెంటికేటెడ్. ఆ పొద్దున మొదటి లైను ఉంది. రెండోది లేదు. దాని చోట డిస్‌కనెక్టెడ్, సర్టిఫికెట్ అన్‌నోన్ అన్న అలర్ట్. మళ్లీ కనెక్టెడ్, మళ్లీ డిస్‌కనెక్టెడ్, పేజీ నిండా అదే. ఆ అలర్ట్ లైనులో ఎస్ఎస్ఎల్ వీ3 అని ఉండటం చూసి, ఎవరో పాత ప్రోటోకాల్‌తో వస్తున్నారని ఐదు నిమిషాలు దారి తప్పాను. అది టీఎల్ఎస్ పని చేసిపెట్టే ఓపెన్ ఎస్ఎస్ఎల్ వాళ్లు ఆ అలర్టులకి ఎప్పుడో పెట్టిన పేరు, మా మెషిన్‌లో కనెక్షన్ టీఎల్ఎస్ 1.3 అయినా అట్లానే చూపించింది. ఈ సంగతి తెలియనివాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. చెక్ సెర్ట్స్ కొట్టగానే ఎక్స్‌పైర్ అయిందని చెప్పింది. ఇంపోర్ట్ చేశాను, ఆరూ యాభై ఐదుకి పరకాల అమ్మాయి పేరు పక్కన అథెంటికేటెడ్ అని పడింది. హుక్ అప్పుడే, ఆ కుర్చీలోనే పెట్టాను.

తర్వాత కనుక్కుంటే నర్సంపేటలో ఇద్దరు అప్పటికే ఒప్పుకుంటాను అని నొక్కేశారు. నన్ను ఎక్కువ భయపెట్టింది అది. 2023 అక్టోబరులో జాబర్ డాట్ ఆర్‌యూ అనే పాత రష్యన్ చాట్ సర్వర్ విషయంలో ఏం జరిగిందో తెలిసినవాళ్లకి అర్థమవుతుంది. వాళ్ల మెషిన్లు జర్మనీలో అద్దెవి. 5222కి కనెక్ట్ అయితే సర్టిఫికెట్ ఎక్స్‌పైర్ అయినట్టు కనపడింది. వాళ్ల సర్వర్‌లో వెతికితే అలాంటి సర్టిఫికెట్టే లేదు. మధ్యలో ఎవరో కూర్చుని, అదే డొమైన్‌కి వేరే సర్టిఫికెట్ తీసుకుని, నెలల తరబడి కనెక్షన్లని తమ గుండా పోనిస్తున్నారు. ఆ మధ్యవాళ్లు తమ సర్టిఫికెట్ రెన్యూ చేయడం మరిచిపోబట్టి బయటపడింది. అంటే సర్టిఫికెట్ గురించి ఫోన్ అడిగే ప్రశ్నే ఒక్కోసారి మనకు దొరికే ఒకే ఒక్క ఆధారం. నేను చేసిన పొరపాటు మా వాళ్లకి దానికి అవును అని చెప్పడం నేర్పింది. ఆ వారం మూడు బ్రాంచీలకీ స్వయంగా వెళ్లి, ఆ ప్రశ్న తెర మీద ఎట్లా ఉంటుందో చూపించి, అది కనపడితే నాకు ఫోన్ చేయండి, అర్ధరాత్రయినా సరే అని చెప్పి వచ్చాను. ఆ ఇద్దరి ఫోన్లలో ఒప్పుకున్నదాన్ని తీసేశాను.

లాగింగ్ దగ్గర ప్రోసడీకి నేను పూర్తి మార్కులు వేస్తాను, ఒక్క హెచ్చరికతో.

మామూలుగా ఇన్ఫో స్థాయి మాటలు ఒక ఫైలులో, ఎర్రర్లు ఇంకో ఫైలులో పడతాయి. డీబగ్, ఇన్ఫో, వార్న్, ఎర్రర్ అని నాలుగు మెట్లు. ఏ మెట్టు నుంచి ఏ ఫైలుకి పోవాలో ఒక్కో లైనులో చెప్పొచ్చు, మెషిన్ మొత్తానికి ఉండే సిస్‌లాగ్ చిట్టాకి పంపాలన్నా పంపొచ్చు. మెట్టు మార్చి రీలోడ్ చేస్తే చాలు, ఎవరి కనెక్షనూ తెగదు. ఇన్ఫోలో పడే మాటలు మామూలు ఇంగ్లీషులో, మనిషి మనిషికి చెప్పినట్టు ఉంటాయి. మొదట్లో టైములు మాత్రం ఐదున్నర గంటలు వెనక చూపిస్తుంటే కంగారుపడ్డాను. అది మెషిన్ యూటీసీలో ఉండటం వల్ల, సర్వర్ తప్పు కాదు. మెషిన్ టైమ్‌జోన్ కోల్‌కతాకి మార్చాను.

హెచ్చరిక డీబగ్ గురించి. రెండో నెలలో ఒక డాక్టర్‌గారికి మెసేజ్‌లు ఆలస్యంగా వస్తున్నాయంటే డీబగ్ ఆన్ చేశాను. కారణం దొరికింది, ఆయన ఫోన్ బ్యాటరీ ఆదా పేరుతో యాప్‌ని చంపేస్తోంది. దొరికిన సంతోషంలో అట్లానే వదిలేసి ఇంటికి వెళ్లాను. మూడు రోజుల తర్వాత డిస్క్ నిండుతోందని చూస్తే లాగ్ ఫైలు ఉబ్బిపోయి ఉంది. తెరిచి చదవడం మొదలుపెట్టాను. డీబగ్‌లో మెసేజ్ లోపలి మాటలు పడవు, పై కవరు మాత్రం పడుతుంది. ఎవరు, ఎవరికి, ఏ నిమిషంలో. రిసెప్షన్‌లో పనిచేసే అమ్మాయి, బయోకెమిస్ట్రీలో ఉండే అబ్బాయి, రాత్రి పదకొండున్నర, పదకొండూ ముప్పై ఒకటి, ముప్పై ఒకటి, ముప్పై రెండు. అట్లా ఒంటిగంట దాకా.

ఫైలు మూసేశాను. వాళ్లు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. కానీ తెలిసిపోయింది కదా. పేషెంట్ల గుట్టు కాపాడటానికని పెట్టిన సర్వర్ మీద నేనే మా పిల్లల గుట్టు రాసిపెట్టాను. ఆ ఫైలు పూర్తిగా చెరిపేసి ఇన్ఫోకి తెచ్చాను. ఇప్పుడు డీబగ్ ఆన్ చేయాలంటే పని మొదలుపెట్టే ముందే ఫోన్‌లో అరగంటకి అలారం పెట్టుకుంటాను. అది మోగగానే ఆఫ్ చేసి ఆ ఫైలు తీసేస్తాను. పాత లాగ్‌లు రెండు వారాలు దాటకుండా పాత లాగ్‌లు చెరిపే లాగ్‌రొటేట్ అనే ప్రోగ్రామ్‌లో పెట్టాను. ఇన్ఫోలో కూడా ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో ఉంటుంది. దాన్ని హాజరు పట్టీలా వాడుకుందామని ఆఫీసులో ఒకరు అడిగారు. కుదరదు అన్నాను, మేడమ్ నా మాటే నిలబెట్టారు.

తప్పు పాస్‌వర్డులతో ప్రయత్నించేవాళ్ల ఐపీ మామూలు లాగ్‌లో పడదు. దానికి వాడేవాళ్లు రాసి పంచుకునే కమ్యూనిటీ మాడ్యూల్ ఒకటి విడిగా పెట్టుకోవాలి. విఫలమైన ప్రయత్నాలకి మాత్రమే ఐపీ రాసేలా పెట్టి, అలాంటి ఐపీలని అడ్డుకునే ఫెయిల్2బ్యాన్‌కి కలిపాను. సరిగ్గా లాగిన్ అయినవాళ్లు ఎక్కడినుంచి వచ్చారో నా దగ్గర లేదు, అక్కర్లేదు.

లాగ్ వేరు, మెసేజ్‌ల ఆర్కైవ్ వేరు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. ఫోన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు వచ్చినవి తర్వాత అందడానికి సర్వర్ మెసేజ్‌లు దాచి ఉంచుతుంది, మామూలుగా ఒక వారం. మేం దాన్ని పెంచలేదు. యాప్‌లో ఒమేమో (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు మాత్రమే చదవగలిగే ఎన్‌క్రిప్షన్) ఆన్ చేస్తే ఆ దాచినవి కూడా సర్వర్‌కి అర్థం కావు, మెషిన్ అద్దెకిచ్చినవాళ్లకీ నాకూ కూడా. దాని ఖరీదు ఏమిటంటే, ఎవరైనా ఫోన్ మారిస్తే పాత మాటలు కొత్త ఫోన్‌లో తెరుచుకోవు. ప్రతిసారీ ఒకరు అడుగుతారు, ప్రతిసారీ ఓపిగ్గా చెప్తాను. ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. మానేసినవాళ్ల అకౌంటు ఆ సాయంత్రమే తీసేస్తాను, కానీ వాళ్ల ఫోన్‌లో ఉన్న పాత మెసేజ్‌లని ఏ సర్వరూ వెనక్కి లాక్కోలేదు. రిపోర్టు నంబరు మాత్రమే రాయాలన్న నియమం అందుకే.

తగ్గించాల్సిన మార్కులు ఉన్నాయి. చూసి నొక్కే అడ్మిన్ పేజీ దానితో రాదు, అంతా కమాండ్లే. ఇంగ్లీషు చదివి, టెర్మినల్‌కి భయపడని మనిషి ఒకరు ఆఫీసులో ఉండాలి, ఆ మనిషి సెలవు పెడితే ఇంకొకరు ఉండాలి. డాక్యుమెంటేషన్ సెట్టింగువారీగా బాగుంటుంది కానీ, మొదటిసారి పెట్టేవాళ్లని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే వరుస అందులో తక్కువ. అంత ఓపిక లేనివాళ్లు స్నికెట్ చూడొచ్చు, ప్రోసడీ మీదే కట్టిన తయారు సరుకు అది. 2025 మార్చిలో 13.0 వచ్చింది, ముందున్న సున్నా తీసేసి 0.12 తర్వాత నేరుగా 13 అన్నారు. వాళ్ల సొంత రిపాజిటరీ నుంచి ఒక ఆదివారం మధ్యాహ్నం మార్చాను, పావుగంటలో అయిపోయింది, కాన్ఫిగ్‌లో రెండు పాత పేర్లు మార్చమని చెక్ చెప్పింది.

మిగిలింది ఐఫోన్లు. మా దగ్గర నలుగురివి ఉన్నాయి, మోనల్ యాప్ పెట్టాను. ఇద్దరికి బాగా నడుస్తోంది. నర్సంపేటలో మిగతా ఇద్దరికి యాప్ తెరిస్తే తప్ప నోటిఫికేషన్ రావడం లేదు. లాగ్‌లో వాళ్ల కనెక్షన్లు శుభ్రంగా ఉన్నాయి, పుష్ వెళ్లినట్టే ఉంది. వచ్చే బుధవారం అక్కడికి వెళ్తున్నాను, ఆ రెండు ఫోన్లూ చేతిలో పెట్టుకుని, అలారం పెట్టి అరగంట డీబగ్ ఆన్ చేసి చూస్తాను.